ఏడో ఇన్నింగ్స్‌లో ఖాళీ గడి

ఆగస్టు 18, 1985. ఆదివారం

ఈ రోజు జరిగింది ఈ రోజే రాసిపెట్టాలి. రేపటికి వదిలేస్తే నలుగురి మాటలూ విని నా జ్ఞాపకమే మారిపోతుంది. అందుకే రెండు నెలలుగా ముట్టని ఈ నోటుబుక్కు తీశాను.

ఏడో ఇన్నింగ్స్. బేస్‌బాల్ ఆట రెండు–రెండు పరుగుల మీద ఉంది. అవతలి జట్టువాడు ఒకడు మూడో బేస్ మీద కాచుకుని ఉన్నాడు. మా పిచ్చర్ లైల్ బ్రాక్‌వే బంతి వేశాడు. బంతి బ్యాట్స్‌మన్ నిలబడే ప్లేటు ముందు నేలకి తగిలింది. పక్కకి ఎగిరి, క్యాచర్ రూబెన్ ఒకాసియోని దాటి, వెనక వలదాకా దొర్లింది. మూడో బేస్‌వాడు పరుగెత్తుకొచ్చేశాడు. ఆ ఒక్క పరుగుతో ఓడిపోయాం.

క్యాచర్‌ని దాటిన బంతి ఎవరో ఒకరి పేరు మీద పడాలి. మూడేళ్ల క్రితం జూన్‌లో నాకీ స్కోరర్ పని ఇచ్చిన రోజు చెప్పిన మొదటి సంగతి అదే. పిచ్చర్ అందరానంత చెడ్డగా వేస్తే అది ‘అదుపు తప్పిన బంతి’, పిచ్చర్ తప్పు. అందుకోదగ్గదాన్ని వదిలేస్తే ‘చేజారిన బంతి’, క్యాచర్ తప్పు. తేల్చేది అంపైర్ కాదు, మేనేజర్ కాదు. పైన చెక్క గదిలో పెన్సిల్ పట్టుకుని కూర్చున్న మనిషి.

పక్క కుర్చీలోంచి ఎల్మో మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి నావైపు వంగాడు. నలభై ఏళ్లుగా మిల్వేన్ మైదానంలో అతనిదే గొంతు.

“ఏమ్మా మేధావీ, ఎవరి నెత్తిన వేద్దాం? తొందరగా చెప్పు, జనం చూస్తున్నారు.”

“అదుపు తప్పిన బంతి. బ్రాక్‌వే” అన్నాను.

వెంటనే అన్నాను. సందేహం ఉంటే వెంటనే అనేదాన్ని కాదు కదా.

ఒకాసియో సున్నా అలాగే ఉంది. యాభై రెండు ఆటలు. ఒక్క బంతీ చేజారలేదు.

ఆ సున్నా గురించి గామిల్ గారు రాసిన ఉత్తరం సంచిలోనే ఉంది. ఆట అయ్యేదాకా తీయలేదు.

ఆగస్టు 19, సోమవారం

పొద్దున పదిన్నరకి కాగితాలు సర్దుకుందామని మైదానానికి వెళ్లాను. చెక్క గదికి నిచ్చెన ఎక్కాలి. నా వెనకే ఇంకెవరో ఎక్కుతున్న చప్పుడు. లైల్. ఆటగాళ్లు ఆ నిచ్చెన ఎక్కరు. ఎక్కకూడదని నియమం లేదు, అయినా ఎక్కరు.

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, గుమ్మంలో వంగి నిలబడాల్సి వచ్చింది.

“స్కోరమ్మా, తీర్పు మార్చుకోవడానికి నీకు ఇరవై నాలుగు గంటలుంటాయట కదా?”

ఆటగాళ్లందరూ నన్ను స్కోరమ్మ అనే పిలుస్తారు. నాకంటే రెండేళ్లు పెద్దవాడైన లైల్ కూడా అంతే.

“ఉంటాయి” అన్నాను.

“అది నేలకి తగల్లేదు.”

“తగిలింది. దుమ్ము లేచింది. నేను చూశాను.”

“దుమ్ము ఒకాసియో మోకాలిది. వాడు ఆలస్యంగా కూలబడ్డాడు.” కాసేపు టోపీ అంచు తిప్పుతూ ఉన్నాడు. “ఈ ఏడాది పదకొండు సార్లు చెత్తగా వేశాను. పదకొండూ నావే. ఒక్కదానికైనా ఈ నిచ్చెన ఎక్కానా?”

ఎక్కలేదు.

“నేను చూసిందే రాశాను, లైల్.”

“సరే” అన్నాడు. “నువ్వు చూశానంటే ఇంకేముంది.” దిగేటప్పుడు తల పైకప్పుకి కొట్టుకుంది. నేనే అయ్యో అన్నాను. అతను టోపీ పెట్టుకుని దిగిపోయాడు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర. గడువు నాలుగుంబావుకి. లీగ్ ఆఫీసు నంబరు అట్ట లోపలివైపు రాసే ఉంది. ఫోన్ హాల్లోనే ఉంది.

దుమ్ము లేచింది. చూశాను.

అదే రోజు, అయిదు గంటలు

ఫోన్ చేయలేదు. చేయాల్సిన అవసరం కనబడలేదు.

ఆగస్టు 20, మంగళవారం

లైల్‌ని జట్టులోంచి పంపేశారు.

ఎల్మో చెప్పాడు. మేనేజర్ అతన్ని లోపలికి పిలిచి, “పన్నెండు అదుపు తప్పిన బంతులు నాయనా, పన్నెండోది ఆటని తినేసింది” అన్నాడట. పన్నెండు అన్నాడు. పదకొండు అయితే ఏమనేవాడో తెలియదు. పదకొండుకైనా పంపేసేవాడేమో.

పంపేసేవాడే.

ఆగస్టు 21, బుధవారం

నెల రోజుల స్కోరు కాగితాలు గామిల్ గారికి పోస్టు చేశాను. శుభ్రంగా ఇంకో కాపీ రాసి మరీ పంపాను. అసలు కాగితంలో ఆదివారం ఏడో ఇన్నింగ్స్ గడి దగ్గర పెన్సిల్ గట్టిగా నొక్కినట్టుంది. వెనకవైపు వేలితో తడిమితే ఆ అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతున్నాయి. మిగతా గడులేవీ అలా లేవు. కొత్త కాపీలో అన్నీ ఒకేలా ఉన్నాయి.

గామిల్ గారిని నేనెప్పుడూ చూడలేదు. నెబ్రాస్కాలో విత్తనాల పరీక్షాశాలలో పనిచేస్తారు. వంద గింజలు తడిగుడ్డలో పెట్టి ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. ఏడాదికోసారి ‘కంచెకు ఇవతల’ అని నీలం సిరా అచ్చుతో, మూడు పిన్నులు కొట్టిన పుస్తకం పంపుతారు. కాలేజీ రెండో ఏడాదిలో లైబ్రరీలో ఎవరో వదిలేసి వెళ్లింది దొరికింది. కుంటుతూ పరిగెత్తుతాడని అందరూ వెక్కిరించిన ఒక ముసలి ఆటగాడి గురించి తొమ్మిది పేజీలు. నాలుగు పేజీల నిండా పట్టికలే. చివరికొచ్చేసరికి తేలిందేమిటంటే, అతను పరిగెత్తిన ప్రతిసారీ జట్టుకి లాభమే జరిగింది, ఎందుకంటే ఎప్పుడు పరిగెత్తకూడదో అతనికి తెలుసు. లైబ్రరీ బల్ల దగ్గరే ఏడ్చాను. మా ఇంట్లో అంకెలంటే నాన్న పనిచేసిన ఇనుప ఫౌండ్రీ షిఫ్టు నంబర్లు, బస్సు నంబర్లు. అంకెలు ఒక మనిషి పక్షాన నిలబడి మాట్లాడగలవని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆయన రాసిన ఉత్తరం ఇక్కడ ఎక్కించుకుంటాను. మడతల దగ్గర కాగితం అప్పుడే చిరుగుతోంది.

“మిస్ హ్రబొవ్‌స్కీ, మీ క్యాచర్ సున్నా చూసి నాకు రెండు రోజులు నిద్ర లేదు. సున్నా అంటే నాకు భయం. సున్నాలు రెండు రకాలు. ఎవరో కళ్లు విప్పి చూసి, ఏమీ జరగలేదని రాసింది ఒకటి. ఎవరూ చూడక మిగిలిపోయిన ఖాళీ ఇంకొకటి. కాగితం మీద రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మూడేళ్లుగా మీరు పంపే కాగితాలు చదువుతున్నాను కాబట్టి ఇది మొదటి రకమని నమ్ముతున్నాను. ఆ అబ్బాయికి ఒక అధ్యాయం ఇస్తాను. స్కోరర్ పేరు కూడా వేస్తాను. ఇలాంటి చోట స్కోరర్ కూడా ఆటగాడే.”

ఆగస్టు 22

దుమ్ము చూశాను.

ఆగస్టు 26, సోమవారం

గామిల్ గారు చందాదారులందరికీ కార్డు వేశారు. నాకూ ఒకటి వచ్చింది. “సెప్టెంబరు చివర ప్రత్యేక సంచిక. మిల్వేన్ క్యాచర్ మీద. సీజన్ అయిపోయేలోగా వీలైనవాళ్లు వెళ్లి చూడండి. స్కోరర్‌కి నా నమస్కారాలు చెప్పండి.”

స్కోరర్‌కి నమస్కారాలు. కార్డు అద్దం అంచుకి దోపాను. తర్వాత తీసేశాను.

ఆగస్టు 29, గురువారం

ఇద్దరు వచ్చారు. ఒకాయన యంగ్స్‌టౌన్‌లో మందుల షాపు నడిపే పెల్ గారు, ఇంకొకామె ఆయన చెల్లెలు, స్కూలు బస్సు నడుపుతుంది. చంకలో నాలుగేళ్ల ‘కంచెకు ఇవతల’లు, పేజీల మధ్య ఐస్‌క్రీం పుల్లలు గుర్తులుగా పెట్టుకున్నవి. ఆట మొదలయ్యే ముందు నిచ్చెన కింద నిలబడి పైకి కేకేశారు.

“మిస్ హ్రబొవ్‌స్కీ మీరేనాండీ? సున్నా మనిషి?”

“సున్నా మనిషి కింద ఉన్నాడు, కాళ్లకి కవచాలు కట్టుకుంటున్నాడు” అన్నాడు ఎల్మో. “ఈవిడ సున్నా రాసే మనిషి.”

“అయితే ఈవిడే ముఖ్యం!” అంది చెల్లెలు. “మా అన్నయ్య దారి పొడుగునా గామిల్ గారి ముక్కలు అప్పజెబుతూనే ఉన్నాడు. బస్సు డ్రైవర్‌ని నేను, కారు మాత్రం తనే నడుపుతానంటాడు. ఇక నేను వినక ఏం చేస్తాను!”

ఆట అంతా వల వెనక కూర్చుని, ఒకాసియో అందుకున్న ప్రతి బంతికీ పెల్ గారు చేతిలోని లెక్కపెట్టే మీట టక్కుమనిపించారు. నూట ముప్పై ఏడు. ఒక్కటీ చేజారలేదు. ఆట అయ్యాక స్కోరు కాగితం కాపీ మీద సంతకం అడిగారు. పెట్టాను.

పెల్ గారు సంతకం ఎండేదాకా ఊదుతూ, “మాలాంటివాళ్లకి ఇదే దగ్గరితనం అండీ” అన్నారు. “మేం ఆడలేం, పెద్దగా చదువుకోలేదు. మీలాంటివాళ్లు చూసి రాస్తే, ఆయన దాన్ని విప్పి చెబితే, ఇంట్లో కూర్చునే ఆటలో ఉన్నట్టుంటుంది. మీరు తప్పు రాస్తే మాకు తెలిసే దారే లేదు చూడండి.” అని నవ్వారు. మామూలుగానే అన్నారు. ఏమీ మనసులో పెట్టుకుని అనలేదు.



ఆగస్టు 31, శనివారం

నాన్న బంగాళాదుంపలు తొక్క తీస్తున్నారు. లోపల దుంప కూరి ఉడికించే పిరోహీలకి పిండి నేను కలుపుతున్నాను. ఫౌండ్రీ మూతపడ్డాక ఆయన మైదానం గేటు దగ్గర టికెట్లు చింపుతున్నారు. అయిదో ఇన్నింగ్స్ తర్వాత జనం రారు కాబట్టి వల వెనక్కి వచ్చి నిలబడతారు. ఆ సంగతి నాకు తెలుసు. ఈ రెండు వారాలూ తెలుసు.

“యుస్తింకా” అన్నారు తల ఎత్తకుండా. జస్టినా అన్న నా పేరు ఆయన నోట్లో అలాగే పలుకుతుంది. “ఆ రోజు ఏడో ఇన్నింగ్స్ బంతి. నేలకి తగిలిందా?”

“తగిలింది నాన్నా.”

“ఊఁ.”

ఒక దుంప అయిపోయింది. ఇంకోటి తీసుకున్నారు.

“నేను వల వెనకే ఉన్నాను. నాకైతే క్యాచర్ గ్లవ్ అంచుకి తగిలి పోయినట్టు అనిపించింది. చప్పుడు కూడా తోలుదే.”

నేను పిండి పిసుకుతూనే ఉన్నాను.

“నా కళ్లకేంలే, మంట చూసి చూసి అరిగిపోయాయి. నువ్వు చదువుకున్నదానివి. నువ్వు రాశావంటే నేలకే తగిలి ఉంటుంది.” కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నారు. “ఎల్మో మైకులో చెప్పాడు, మర్నాడు పేపర్లో కూడా పడిందట. మీ పిన్నితో అన్నాను, నాకే తప్పు కనబడింది అని.”

మా నాన్న తన కళ్లతో చూసిందాన్ని, నేను చూడకుండా రాసినదాని కోసం వదిలేసుకున్నారు.

చూడకుండా. రాసేశాను. సరే.

సెప్టెంబరు 1, ఆదివారం

ఆగస్టు 18న ఉత్తరం సంచిలో లేదు. నా ఒళ్లో ఉంది. స్కోరు పలక కింద పెట్టుకున్నాను. ఏడో ఇన్నింగ్స్‌లో అవతలివాడు మూడో బేస్ చేరాక, తర్వాతి బంతి పడేలోగా ఇంకోసారి చదువుదామని మడత విప్పాను. “ఇలాంటి చోట స్కోరర్ కూడా ఆటగాడే” అన్న వాక్యం దగ్గర ఉన్నాను. జనం గోల విని తలెత్తాను. అప్పటికి బంతి వల దగ్గర ఉంది. ఒకాసియో మోకాళ్ల మీంచి లేస్తున్నాడు. అతని చుట్టూ దుమ్ము ఉంది. నేను చూసింది ఆ దుమ్ము.

చూడలేదని ఎల్మోతో అంటే సరిపోయేది. ప్లేటు అంపైర్‌ని అడగవచ్చు, ఎవరినైనా అడగవచ్చు, నియమం ఒప్పుకుంటుంది. కానీ ఒళ్లో సున్నా గురించిన ఉత్తరం ఉంది. ఎటు చెప్పాలో నోటికి ముందే తెలుసు.

నాన్న ఫౌండ్రీలో అచ్చులు చేసేవారు. ఆయన నంబరు 614. పోత చెడిపోతే ఫోర్‌మన్ వచ్చేలోపు ఎవరి నంబరు వాళ్లే సుద్దముక్కతో దానిమీద రాసిపెట్టాలట. చిన్నప్పుడు ఇంటికొచ్చాక ఆయన చేతులకి సుద్ద ఉందా లేదా అని చూసేదాన్ని. సుద్ద ఉన్న రోజు అమ్మ ఏమీ అడిగేది కాదు. రెండోసారి కూర వడ్డించేది, అంతే.

సెప్టెంబరు 2, సోమవారం

సీజన్ అయిపోయింది. ఒకాసియో సామాను సర్దుకుంటుంటే బయట బల్ల మీద కూర్చుని ఆగాను. జుట్టు తడిగా ఉంది. నన్ను చూసి చేతులు చాపాడు.

“స్కోరమ్మా! నా సున్నాకి కాపలా ఎలా ఉంది?”

“ఆ ఆదివారం, లైల్ బంతి. గ్లవ్‌కి తగిలిందా?”

చేతులు దించాడు. “నన్నడుగుతావేంటి? పైన కూర్చున్నది నువ్వు. నువ్వేం చూశావు?”

“నేను చూడలేదు.”

పైకి అనడం అదే మొదటిసారి. అతను నా మొహంలోకి చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు.

“తల్లీ, పదిహేను రోజులుగా నువ్వు నా మీద జాలిపడి అలా రాశావనుకుంటున్నాను! నీకు నేనంటే ఇష్టమేమోనని కూడా అనుకున్నాను, తెలుసా? చూడలేదా!” నవ్వు ఆగాక బల్ల మీద పక్కన కూలబడ్డాడు. “తగిలింది. అంచుకి. వంకర బంతి అడిగింది నేనే. వాడు సరిగ్గానే వేశాడు. నేను ముందే లేవబోయాను, రన్నర్ మీద కన్నేసి.”

“మరి లైల్‌కి చెప్పలేదే?”

“ఎల్మో వాడి పేరు చెప్పాడు. బోర్డు మీద నా సున్నా ఉంది. రెండు నిమిషాలాగి చెబుదామనుకున్నా. తర్వాత వాడి లాకర్ ఖాళీ అయింది.” తువ్వాలు మెలిపెడుతున్నాడు. “అయోవాలో ఒక జట్టు వాడిని పధ్నాలుగో తారీఖున రమ్మందట. ఆ మేనేజర్‌కి కూడా మీ గింజల పెద్దాయన పుస్తకం పిచ్చి అని లైలే ఫోన్‌లో చెప్పాడు. అందులో ఏం అచ్చయితే అదే నమ్ముతాడట.”

“నువ్వు చెప్పింది రాసి సంతకం పెడతావా?”

తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఆ అధ్యాయం పోతుంది కదా?”

“పోతుంది.”

“మా అమ్మకి చెప్పేశాను, నా మీద పుస్తకం వస్తోందని.” నా చేతిలోంచి పెన్సిల్ తీసుకున్నాడు. “పెన్సిల్ వద్దు. పెన్ను ఇవ్వు.”

సెప్టెంబరు 4, బుధవారం

లీగ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. సెక్రటరీ మర్యాదగా విన్నాడు. “ఇరవై నాలుగు గంటలు దాటి రెండు వారాలైంది, మిస్. తీర్పు తీర్పే. మీరు చూడలేదని రాసుకోవడానికి మా పుస్తకంలో గడి లేదు.”

“గడి లేకపోతే?”

“లేకపోతే చూసినట్టే.”

తర్వాత ఎల్మోకి చెప్పాను, వచ్చే జూన్‌కి ఇంకెవరినైనా చూసుకోమని. “ఒక్క బంతికా?” అన్నాడు. “నలభై ఏళ్లలో నేను ఎన్ని పేర్లు తప్పు పలికానో తెలుసా? మీ ఇంటి పేరే మూడు వారాలు తప్పు పలికాను.”

“నాలుగు” అన్నాను.

నాన్నకి చెప్పడం కష్టమనుకున్నాను. గ్లవ్ అంచుకే తగిలింది నాన్నా, మీరు చూసిందే నిజం అన్నాను. ఆయన మొహం విప్పారింది. అది చూసి ఇంకా కష్టమైంది. “తోలు చప్పుడని చెప్పలేదూ!” అన్నారు. కాసేపటికి, “అయితే నువ్వెక్కడ చూస్తున్నావు?” అన్నారు. అదీ చెప్పాను. నా పళ్లెంలో ఇంకో రెండు పిరోహీలు వేశారు.

సెప్టెంబరు 5, గురువారం

పొద్దున పోస్టు చేసిన ఉత్తరం నకలు. ఇందులో మళ్లీ ఏదీ మారకుండా ఉండాలని ఇక్కడ ఎక్కిస్తున్నాను.

“గామిల్ గారికి,

ఒకాసియో మీద అధ్యాయం వేయకండి. అతని అంకె సున్నా కాదు. ఆగస్టు 18, ఏడో ఇన్నింగ్స్, లైల్ బ్రాక్‌వే పేరు మీద నేను రాసిన బంతి క్యాచర్ గ్లవ్ అంచుకి తగిలి పోయింది. ఒకాసియో తన చేత్తో రాసి సంతకం చేసిన కాగితం దీనితో ఉంది. వల వెనక నిలబడిన మా నాన్న కూడా అదే చూశారు.

నేను చూడలేదు. ఆ నిమిషంలో మీ ఉత్తరం చదువుతున్నాను. ఇది మిమ్మల్ని నొప్పించడానికి చెప్పడం లేదు, ఎక్కడ చూస్తున్నానని మీరు తప్పకుండా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. తర్వాత లైల్ వచ్చి అడిగితే చూశానని చెప్పాను. మర్నాడు అతన్ని పంపేశారు. మొదటిది పొరపాటు. రెండోది పొరపాటు కాదు.

లీగ్ వాళ్ల పుస్తకంలో ఇక ఏదీ మారదు. మీ పుస్తకంలో మారవచ్చు. ఆ గడి ఖాళీగా వేసి, లైల్‌కి పదకొండు అని రాసి, పక్కన స్కోరర్ చూడలేదని నా పూర్తి పేరుతో అచ్చు వేయండి. స్కోరర్ పేరు వేస్తానని మీరే అన్నారు. మూడేళ్లుగా నేను పంపిన మిగతా కాగితాలు మీరు వాడకపోయినా నాకు అభ్యంతరం లేదు. వాటిలో నేను చూడనిది ఏదీ లేదు, కానీ ఇప్పుడు ఆ మాట నమ్మమని అడిగే హక్కు నాకు లేదు.

పధ్నాలుగో తారీఖు శనివారం లైల్ అయోవాలో ఒక మేనేజర్ ముందు నిలబడతాడు. ఆయన మీ చందాదారు. సంచిక అప్పటికి రాదని తెలుసు. ఆ బంతి లైల్ తప్పు కాదని నాలుగు ముక్కలు మీ చేతిరాతతో ఉంటే చాలు. అందిన రోజే లైల్‌కి ఫోన్‌లో చదివి వినిపించి, కాగితం అతనికే పంపుతాను. కాదన్నా అదీ రాయండి, అదీ చదివి వినిపిస్తాను. సెప్టెంబరు 12, గురువారం లోగా మీ జవాబు నాకు చేరేలా పంపండి.

జస్టినా హ్రబొవ్‌స్కీ”